ఒడిలో కొర్రలు

మా ఆయన ముఖం నాకు సరిగా గుర్తు లేదు. వీపు గుర్తుంది. రెండేళ్ళ కాపురంలో ఆయన నాకు ఎక్కువగా చూపించింది అదే. పొద్దున గుంటక వెనక నడుస్తుంటే వీపు, బావి దగ్గర నీళ్ళు పోసుకుంటుంటే వీపు, ఆఖరికి సంగటి తినేటప్పుడు కూడా గోడవైపు తిరిగి కూర్చునేవాడు. సిగ్గరి మనిషి. పెళ్ళినాటికి నాకు పద్నాలుగు, ఆయనకు ఇరవై. ఆ సిగ్గు పోయేలోపే ఆయన పోయాడు. పోయాడంటే చచ్చిపోయాడని కాదు, మలయా పోయాడు. రెండూ ఒకటేనని తెలియడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది.

మాది మైదుకూరుకు ఎగువన, కేసీ కాలువ నీళ్ళు ఎక్కని గట్టు మీది ఊరు. కాలువ కింద వాళ్ళు వరి కోసుకుంటుంటే మేము మబ్బుల వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆ ఏడు ఆయన చేనులో కొర్ర వేశాడు. పండింది కొంచెమే. అది నూర్చి ఇంట్లో పోసి, వేసవి గడిచేదాకా ఎర్రగుంట్లలో నాపరాళ్ళ పనికి పోతానని బయలుదేరాడు. నెల తిరిగేసరికి మద్రాసు రేవు నుంచి కార్డు వచ్చింది. రబ్బరు తోటల్లో పని ఉందంట, ఓడ ఎక్కుతున్నాను, రెండేళ్ళలో వస్తాను, అమ్మను చూసుకో. అందులో నాకని రాయించింది ఆ చివరి ముక్క ఒక్కటే.

మా అత్త ఆ కార్డు విని ఏడవలేదు. ఆయన నూర్చిన కొర్రల్లో రెండు శేర్లు తీసి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి మట్టి మెత్తి అటక మీద పెట్టింది. "వాడొచ్చినాక వాని చేని గింజే వాని నోట్లో పెడతా" అంది. తర్వాత కరువులొచ్చాయి. గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని మేమూ నిలబడ్డాం. ఆ కుండ మాత్రం దించలేదు. ఒకసారి నేను ఆకలికి ఆగలేక అటక వైపు చూశానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు నాలుగో తరగతి దాకా చదువు. అత్త చెబితే నేను ఆయనకు ఉత్తరాలు రాసేదాన్ని. ఆవు ఈనింది, గోడ కూలింది, కొర్రలు ఎత్తిపెట్టినాను వచ్చి తిను. అన్నీ ఆమె మాటలే. నా మాట ఒక్కటి చివర్లో చేర్చుదామంటే ఆమె ఎదురుగా కూర్చుని కలం వైపే చూసేది. జపానువాళ్ళు ఆ దేశంలో దిగాక ఉత్తరాలు రావడం, పోవడం రెండూ ఆగిపోయాయి. యుద్ధం ముగిసింది, మనకు స్వాతంత్ర్యం వచ్చింది, ఆయన దగ్గర నుంచి మాత్రం కబురు లేదు.

ఊళ్ళో ఆడవాళ్ళకు నాతో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఈమెకు మొగుడున్నట్టా, లేనట్టా? మా వైపు పెళ్ళైన పిల్ల అత్తింటికి పోయేటప్పుడైనా, పేరంటానికి వచ్చినప్పుడైనా ఆమె కొంగు చాపించి గింజలు, పసుపు కొమ్ము, కుంకుమ పొట్లం పోసి నడుము దగ్గర ముడి వేస్తారు. ఒడి నింపడం అంటాం. ముత్తైదువకే నింపుతారు. పేరంటాల్లో వరసగా అందరికీ నింపుకుంటూ వచ్చి నా దగ్గరికి రాగానే వాళ్ళ చేతులు తడబడేవి. "నీకు మల్లా పోస్తాలేమ్మా" అని పక్కమనిషికి పోసేవాళ్ళు. ఆ ‘మల్లా’ ఏనాడూ రాలేదు. ఏడేళ్ళు చూసి నేను పోవడం మానేశాను. నేను పోకపోవడం వాళ్ళకు ఎంత హాయిగా ఉందో దారిలో ఎదురుపడితే వాళ్ళ ముఖాల్లోనే కనబడేది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పన్నెండేళ్ళు దాటాక ఊరి పెద్దలు కదిలారు. కబురులేని మనిషికి దర్భతో బొమ్మ చేసి కాల్చి, దినం చేసి, కోడలి గాజులు తీయించమన్నారు. అత్త గడప మీదే నిలబడి, "నా కొడుకు గడ్డిబొమ్మ కాదప్పా, పోయిరాండి" అంది. అంతే, మళ్ళీ ఎవరూ రాలేదు.

తర్వాత రెండేళ్ళకు, యాభైల మొదట్లో, ఉత్తరం వచ్చింది. రాయించినవాడు ఆ తోటలో మేస్త్రి, చిత్తూరు వైపు మనిషి. అక్కడ అడవుల్లో దాగిన తిరుగుబాటువాళ్ళకూ తెల్లదొరలకూ పోరు నడుస్తోందట. కూలీలు అడవివాళ్ళకు సాయం చేస్తారన్న అనుమానంతో పాత ఇళ్ళు పీకేసి అందరినీ ముళ్ళకంచె లోపలికి మార్చారట. పీకేటప్పుడు ఒక కప్పు సందులో మా ఊరి చిరునామా ఉన్న ఉత్తరం దొరికిందట. మీ మనిషి జపానువాళ్ళ రైలుదారి పనికి పట్టుబడి పోయి, జబ్బుతో తిరిగివచ్చి ఈ తోటలోనే పోయినాడు, నా చేతులతోనే పూడ్చినాను, చిరునామా తెలియక ఇన్నేండ్లు కబురు చెయ్యలేకపోతిని, తప్పు మన్నించండి, అని రాయించాడు.

నేను చదివి వినిపించాను. అత్త మొత్తం విని, "కాగితం మింద చచ్చిపోయినాడంటే నేనొప్పుకోను" అంది. "వాని మట్టి చూస్తా. వాని గింజ వాని మింద పోస్తా. కాకి ముడితే అప్పుడొప్పుకుంటా." పోయినవాళ్ళకు పెట్టింది కాకి ముట్టుకుంటేనే వాళ్ళకు చేరినట్టు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఇది మా ఇళ్ళలో పసిపిల్లకు కూడా తెలుసు. అంటే ఆమె ఒప్పుకోవాలన్నా, నేను ముత్తైదువనో కాదో తేలాలన్నా, ఆ గింజలు సముద్రం దాటి ఆ మట్టి మీద పడాల్సిందే.

నా మెడలో గొలుసు అమ్మేశాం. కడపలో ఒక వకీలు గుమస్తా దయ తలచి కాగితాలు పెట్టించాడు. అత్త వేలిముద్ర వేసింది, నేను సంతకం చేశాను. ఊళ్ళో కొందరు నవ్వారు, ముసలిదానికి పిచ్చి, కోడలికి ఇంకా పిచ్చి అని. నవ్వనీ. కడపలో రైలెక్కి మద్రాసు, అక్కడ ఓడ. పైన రేకు, కింద చెక్క. మా చాప పరిచినంత మేర మాది. శ్రీశైలం నడిచిపోయినప్పుడు కూడా అలసిపోని మనిషి మా అత్త, ఓడలో రెండో రోజుకే వాంతులతో పడిపోయింది. అటక మీది కుండ దించి కట్టిన కొర్రల మూట మాత్రం తల కింద నుంచి తీయలేదు.

పినాంగు రేవులో తెల్ల అధికారి మా కాగితాలు తిప్పి తిప్పి చూశాడు. నా వేలిముద్రలు పదీ తీసుకున్నారు. అత్త అతన్ని ఎగాదిగా చూసి, "తెల్లోళ్ళు పోయినారనిరి గదా మ్మే. యాడికీ పోల్యా, ఈడుండారు" అంది. ఆ ప్రయాణం మొత్తంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

రేవు నుంచి రైలు, రైలు దిగాక లారీ. దారిలో మూడు చోట్ల తుపాకులవాళ్ళు ఆపి మూటలు విప్పించారు. కొర్రలు చేతిలోకి తీసుకుని వాసన చూసి, పిట్టల మేత అనుకున్నారో ఏమో, వదిలేశారు. ఎటు చూసినా చెట్లే, ఒకే ఎత్తు, ఒకే వరస. మధ్యాహ్నం కాగానే వాన. చుక్క కోసం మొగం వాచిన మా కళ్ళ ముందు ఆ నీళ్ళన్నీ రోడ్డు మీద వృథాగా పారిపోయాయి. "ఇంత వాన పెట్టుకోని, మన బిడ్డ ఎందుకు కావల్సొచ్చినాడో ఈ దేశానికి" అంది అత్త. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మేస్త్రి ఇల్లు కంచె లోపల, వరసలో చివరిది. భార్యా, ముగ్గురు ఆడపిల్లలూ. మేము వచ్చామని తెలిసి వాళ్ళ వంతు బియ్యంలోనే మాకూ వండారు. అక్కడ బియ్యం మనిషికింతని కొలిచి ఇస్తారు. మేస్త్రి కప్పులో దొరికిన ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా రాతే. కొర్రలు ఎత్తిపెట్టినాను వచ్చి తిను. మడతలు చిరిగిపోయేంతగా మడిచీ విప్పీ ఉన్నాయి. ఆయనకు చదువు రాదు, ఎవరి చేతనో ఎన్నిసార్లు చదివించుకున్నాడో. ఒక్క ముక్క నాదని రాసి ఉండకూడదా అని ఆ రోజు నన్ను నేనే తిట్టుకున్నాను.

"సమాధి కంచె బయట ఉండాదక్కా, రబ్బరు చెట్ల నడాన" అని చెప్పాడు మేస్త్రి అత్తకు. "దొరనడిగినాను. రేపు పొద్దున గంటసేపు పోయిరమ్మనినాడు. నేనూ వస్తా." అత్త ఆ మనిషి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మర్నాడు తెల్లవారుతుండగా నేను కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. మేస్త్రి భార్య బిందె పెట్టుకుని వచ్చి మెల్లగా చెప్పింది. "వదినా, ఒగ మాట. గేటు బయటికి తినేది ఏదీ పోకూడదు. రబ్బరు పాలు గీసేటోళ్ళు గూడా వట్టి కడుపుతోనే పోయి, తిరిగొచ్చి తింటారు. అడవిలోవాళ్ళకు చేరుస్తారని దొరల భయం. పిడికెడు బియ్యం దొరికినా పట్టుకపోతారు. పెద్దమ్మతో నువ్వే చెప్పు, నాకు నోరు రాల్యా." నేను సరేనన్నాను. స్పష్టంగా విన్నాను, స్పష్టంగా సరేనన్నాను.

లోపలికి వచ్చేసరికి అత్త స్నానం చేసి కూర్చుని ఉంది. ఎదురుగా చాటలో కొర్రలు, పసుపు కొమ్ము, ఊరి నుంచి తెచ్చిన కుంకుమ. చెరిగి చెరిగి ఒక్క రాయి లేకుండా చేసింది. "దా మ్మే, కొంగు చాపు" అంది.

"ఎందుకత్తా?" అన్నాను.

"ఎందుకేంది? మొగుని కాడికి వట్టి ఒడితో ఎవురు పోతారు? నా కండ్లతో చూసిందాకా నువ్వు వాని పెండ్లామువే. వాడు పోయినబ్బట్నుంచి ఒగరన్నా నీ ఒడి నింపిరా? అన్నీ చూస్తానే ఉంటి. నేను పోస్తాండా, పట్టు."

అప్పుడు చెప్పాలి. అత్తా, గేటు దగ్గర పట్టుకుంటారంట, వద్దు, అనాలి. నాలుగు మాటలు. నేను చెప్పలేదు. కొంగు చాపాను. ఆమె దోసిళ్ళతో పోస్తుంటే కొర్రలు జలజల రాలాయి. ఆ బరువు నడుముకు తగలగానే నాకు పెళ్ళినాడు కలగని సంబరం కలిగింది. సమాధికి పోతూ సంబరమేమిటని మీకు అనిపించవచ్చు. అనిపించనీ, నేను అబద్ధం రాయలేను. ఏడేళ్ళు ఆ పేరంటాల వరసల్లో వట్టి కొంగుతో లేచివచ్చిన ఆడది మాత్రమే దాన్ని అర్థం చేసుకోగలదు. ఇంకొకటి కూడా అనుకున్నాను. నింపిన ఒడిని దారిలో ఎవరూ ముట్టుకోరు, పోయేచోటికి పోయాక దేవుడి ముందు మనమే విప్పాలి. గేటు దగ్గర తడిమేది ఆడదే గదా, ఆడది ఆడదాని ఒడి విప్పుతుందా, అనుకున్నాను. అది మా ఊరి లెక్క. ఆ గేటు దగ్గర ఆ లెక్క ఎవరికి తెలుసు?

గేటు దగ్గర ఆడవాళ్ళను తడమడానికి ఒక చీనా అమ్మాయిని పెట్టారు. అత్తను తడిమి పంపించింది. నా భుజాలు, చంకలు తడిమి, నడుము దగ్గరకు రాగానే ఆమె చెయ్యి ఆగింది. నేను ఆ చేతిని విదిలించాను. కోపంగానే విదిలించాను. ఆమె ఏదో అరిచింది. పోలీసు వచ్చాడు. ముడి విప్పారు. పసుపు కొమ్ము, కుంకుమ, శేరుకు పైగా గింజలు రోడ్డు మీద పడ్డాయి.

అత్తకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. "అది ఒడి నాయనా, ఒడి. నేను పోసినా" అని తెలుగులోనే పోలీసుకు చెబుతూ వంగి, గింజలు ఏరసాగింది. అతను బూటుతో వాటిని పక్క మురికి కాలువలోకి తోశాడు. ఆమె కాలువ అంచున కూర్చుండిపోయింది. తలెత్తి అటూ ఇటూ చూస్తోంది. కాకి కోసమని నాకొక్కదానికే తెలుసు. ఒక్కటీ రాలేదు. పసుపు ముక్కుల చిన్న పిట్టలేవో వచ్చి బురదలో రెండు పొడిచి ఎగిరిపోయాయి.

నన్ను ఆ పగలంతా ఠాణాలో కూర్చోబెట్టారు. అడవిలో నీకెవరున్నారని ఒక అరవాయన అడుగుతుంటే మేస్త్రి తెలుగులో చెప్పేవాడు. నా మొగుడున్నాడు, మట్టిలో, అన్నాను. మేస్త్రి ఆ మాట అలాగే చెప్పాడో, మార్చి చెప్పాడో తెలియదు. కప్పులో దొరికిన ఉత్తరం నా రవికెలో ఉంటే తీసుకున్నారు. వాళ్ళు చదవలేని రాత కాబట్టి అనుమానం. తిరిగి ఇవ్వలేదు. సాయంత్రానికి, ఏమీ తెలియని పల్లె మనుషులని తేల్చి, మర్నాడే దేశం విడిచి పొమ్మన్నారు. సమాధి మాట ఎత్తనివ్వలేదు. మేస్త్రి ఇంట్లో మిగిలిన కొర్రలూ తీసుకుపోయారు. మమ్మల్ని ఇంట్లో పెట్టుకున్నందుకు వాళ్ళకు వారం బియ్యం ఆపేశారు.

ఆ ఇంటికి తిరిగి వెళ్ళినప్పుడు మేస్త్రి భార్య నన్ను చూసింది. చెప్పినాను గదా అని ఒక్క మాట అంటే నా గుండె తేలికపడేది. అనలేదు. అత్త ముందర అనకూడదని ఊరుకుంది. చిన్నపిల్ల ఆకలని ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతుంటే, కర్రపెండలం దుంప ఉడకబెట్టి పిల్లలకూ, మా ఇద్దరికీ సమంగా పెట్టింది.

మర్నాడు లారీ ఎక్కాం. గేటు దాటుతుండగా అత్త, "ఏమప్పా, వాడు ఏ పక్కనుండాడు?" అని మేస్త్రిని అడిగింది. అతను గేటు దగ్గరే నిలబడి ఎడమవైపు చెయ్యి చాపి చూపించాడు. అన్నీ ఒకే రకం చెట్లు. లారీ మలుపు తిరిగేదాకా ఆమె ఆ వైపే దండం పెడుతూ ఉంది. నేను తల దించుకుని కొంగు అంచుకు అంటిన కుంకుమ చూస్తూ కూర్చున్నాను.

ఊరికి వచ్చాక ఆమె దినం చెయ్యనివ్వలేదు. "చూడల్యా. పొయ్యల్యా. కాకి ముట్టల్యా. యాడ చేసేది?" అనేది. కాబట్టి నేను బొట్టుతో, గాజులతో అలాగే ఉన్నాను. వట్టి కుండను ఆమె మళ్ళీ అటకెక్కించలేదు, పెరట్లో బోర్లించింది. మునుపటి గయ్యాళితనం పోయింది. నేను కూర మాడ్చినా, ఎదురు చెప్పినా ఏమీ అనేది కాదు. తప్పు చేసినదానిలా నా వెనకే తిరిగేది. పేరంటం మాట వస్తే లేచి అవతలికి పోయేది.

తిరిగొచ్చిన ఐదో ఏడు మంచం పట్టింది. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, నా కొంగు పట్టుకుంది. "మ్మే, ఆ పొద్దు నేను నీ ఒడి నింపకుంటే నువ్వు వాని కాడికి పోయిందువు. ఆ పిల్లోళ్ళ కూడు గూడా పోగొడ్తిని. అంతా నా శాదస్తం. తెలీక చేసినా. మనసులో పెట్టుకోవాకమ్మా."

ఆమె చెయ్యి నా కొంగు మీదే ఉంది. నేను, "పోనీలే అత్తా. నేనేమీ అనుకోలేదు. పండుకో" అన్నాను. ఆమె చెయ్యని తప్పుకు నేను ఆమెను క్షమించాను. ఆమె నిమ్మళంగా కళ్ళు మూసుకుంది. రెండో రోజు పోయింది.

మూడో రోజు ఆమె సమాధి మీద కొర్రన్నం, బెల్లం పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు పక్క కంపచెట్టు మీద వాలి ఉన్నాయి, దిగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. "ముసల్దానికి ఏం మిగిలిపోయిందో నీకే తెల్సుండాల మ్మా. ఆ పని చేస్తామని గట్టిగా చెప్పు, దిగుతాయి" అన్నారు. నేను ముందుకు పోయి, నీ కొడుక్కు దినం చేయిస్తాను అత్తా, అని గట్టిగా అన్నాను. కాకులు దిగలేదు. చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టి అందరూ ఇళ్ళకు పోయారు.

ఆమెకు మిగిలింది ఆ కోరిక కాదని నాకు తెలుసు. ఇంకో మాట చెప్పాలని కూడా తెలుసు. నలుగురి ముందు సిగ్గుపడి చెప్పలేదు. ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను. అత్తా, నువ్వు తెలియక చేశావు. నాకు ముందే తెలుసు.